లైట్లు ఆర్పకండి

చెవిటివాడు చనిపోతే సంగీత నివాళి ఏర్పాటు చేసిన సంఘం భూమ్మీద మాదొక్కటే అయ్యుంటుంది. ఫ్లయర్ వాట్సాప్‌లో వచ్చింది. మధ్యలో ఆయన ఫొటో, చుట్టూ వీణ, తబలా, గాల్లో ఎగురుతున్న స్వరాల గుర్తులు. కింద పాడబోయేవాళ్ల ఫొటోలు. అవి ఆయన ఫొటోకన్నా కొంచెం పెద్దవే. "మన ఆస్థాన చిత్రకారుడికి స్వర నీరాజనం. ఆదివారం సాయంత్రం, అరోరాలో. డిన్నర్ కలదు."

పొయ్యి మీద పప్పు వదిలేసి ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మావారు లాప్‌టాప్‌లోంచి తలెత్తి, "మళ్లీ ఏమైంది?" అన్నారు. చూపించాను. చూసి, "డిజైన్ బాగానే ఉందిగా," అన్నారు.

"ఆయనకి వినపడదు కదండీ!"

"పోయినాయనకి వినపడితే ఏంటి, వినపడకపోతే ఏంటి? వాళ్లేదో చేసుకుంటారు. నీకెందుకు?"

నాకెందుకంటే, ఆయన భార్యకి కూడా వినపడదు. చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా పనిచేస్తుంది. హెచ్-వన్ వీసా ఆవిడదే. ఆవిడ వెనకాల డిపెండెంట్‌గా వచ్చినవాడు ఆయన. నేను ఆయన్ని అన్నయ్య అనుకున్నాను కాబట్టి ఆవిడ నాకు వదిన. ఫ్లయర్ వచ్చిన కాసేపటికే వదిన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "ఆయన గురించి అందరూ మాట్లాడతారట. ఏం మాట్లాడతారో నాకు మొత్తం కావాలి. ఒక్క మాట కూడా వదలకు. నువ్వు నా ఎదురుగా నిలబడి చేతులతో చెప్పు."

అలాగేనని జవాబిచ్చాను. పప్పు మాడింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు దాన్ని కత్తిరించి ఇంకో ఫ్లయర్ మీద అతికిస్తారు. పైగా ఆ పేరు ఆయన చెవిన ఎన్నడూ పడలేదు. ఆయన్ని నిజంగా ఎరిగినవాళ్లు బొటనవేలూ చూపుడువేలూ కలిపి పైపెదవి మీద మీసం దువ్వినట్టు చూపిస్తారు. వాళ్ల భాషలో ఆయన పేరు అదే. ఆ మీసమంటే ఆయనకి ప్రాణం. బొమ్మలకి రంగులు ఎంత జాగ్రత్తగా కలిపేవాడో దానికీ అంత జాగ్రత్తగా కలిపేవాడు. ఒక్కోసారి రెండింటికీ ఒకే బ్రష్షేమోనని నాకు అనుమానం.

ఎవరింటికి వచ్చినా నమస్కారం కన్నా ముందు స్విచ్‌లు వెతుక్కునేవాడు. హాల్లో లైట్లు, కిచెన్‌లో లైట్లు, మెట్ల మీది లైటు, అన్నీ వేసేసి అప్పుడు చేతులు జోడించేవాడు. మా పిల్లలు చిన్నప్పుడు ఆయన్ని కరెంటు పని చేసే అంకుల్ అనుకునేవారు. రెస్టారెంట్లో దీపాలు మసగ్గా ఉన్న బల్ల దగ్గర కూర్చోబెడితే లేచి నిలబడిపోయేవాడు. కార్లో వెనక సీట్లో కూర్చుని పైలైటు వేసేవాడు. మావారికి వేసిన లైటుతో డ్రైవ్ చేయడమంటే పోలీసు వెంటపడతాడని భయం, ఆర్పేసేవారు. ఆయన మళ్లీ వేసేవాడు. ఇలా షామ్‌బర్గ్ నుంచి అరోరా దాకా ఆర్పుతూ వేస్తూ వెళ్లేవాళ్లం. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకునే చోట ఆయన చిన్న టార్చి పెట్టుకునేవాడు. చీకట్లో ఎవరైనా తనతో మాట్లాడాలంటే ఆ టార్చి తీసి వాళ్ల చేతుల మీద వేసేవాడు. నా చేతుల మీద వేసిన మొదటిసారి నేనేదో దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ఉలిక్కిపడ్డాను. లైటు ఉంటేనే ఆ ఇంట్లో మాట ఉంటుందని నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. మా సంఘానికి ఇప్పటికీ అర్థం కాలేదు.

"వినికిడి లోపం" అన్న మాట ఎవరైనా రాసి చూపిస్తే కొట్టేసి "చెవిటి" అని రాసి తిరిగి ఇచ్చేవాడు. ఒకసారి ఒక డిన్నర్లో ఒకావిడ ఎంతో ఆప్యాయంగా, "అన్నయ్యగారు దివ్యాంగులు కదా, ఆయన్ని ముందు వడ్డించుకోమనండి," అంది. ఆ మాట ఎలా చెప్పాలో తెలీక దేవుడు, కాళ్లుచేతులు అని సైగ చేశాను. ఆయన బల్ల కిందికి వంగి తన కాళ్లు చూసుకున్నాడు, ఏమైనా కొత్తగా వెలిశాయేమోనని. వెంటనే ప్లేటు తీసుకుని లైన్లో అందరికన్నా ముందు నిలబడ్డాడు. అది మాత్రం వదులుకోలేదు.

మా పరిచయం ఒక పరదా వల్ల అయింది. సంఘం ఉగాదికి స్టేజి వెనకాల కట్టే పెద్ద గుడ్డ మీద ఆయన బొమ్మ వేయాలి. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో కార్పెట్టు. డెకరేషన్ కమిటీలో ఉన్నాను కాబట్టి మా గరాజ్ ఇచ్చాను. మొదట్లో ఇద్దరం ఫోన్‌లో టైప్ చేసుకునేవాళ్లం. నేను సగం వాక్యం టైప్ చేసేలోపే ఆయన నా మొహం చూసి తలూపేసేవాడు. మిగతా సగం వృథా. ఇది కుదరదని కమ్యూనిటీ కాలేజీలో సైగల క్లాసులో చేరాను. నా సైగలు ఎలా ఉండేవంటే, నేను "ఎరుపు కొంచెం తగ్గించు" అంటే ఆయనకి "పెదవి కొంచెం చిన్నది" అని కనపడి (రెండింటికీ వేలు పెదవి మీదే), పరదా మీది అమ్మవారి మూతి మార్చేశాడు. అయినా ఓపిగ్గా నేర్పాడు. నాకో పేరు కూడా పెట్టాడు. అరచేయి గడ్డం కింద పెట్టి వేళ్లు గబగబా ఆడిస్తూ పైకి లేపడం. ఏమిటది అని అడిగితే స్టవ్వు చూపించి, పాలగిన్నె చూపించి, పొంగినట్టు చూపించాడు. మావారికి పెట్టిన పేరు ఒక భుజం ఎగరేయడం. ఆ మనిషి నోట "నీకెందుకు" అన్న మాట ఆయన ఒక్కసారైనా వినలేదు, అయినా ఎంత సరిగ్గా పట్టుకున్నాడో!

సంఘానికి ఎవరు ప్రెసిడెంట్ అయినా అన్నయ్యతో వాళ్ల తైలవర్ణ చిత్రం వేయించి ఆఫీసు గదిలో తగిలించడం మా ఆనవాయితీ. స్ట్రిప్ మాల్‌లో కిరాణా కొట్టు పక్కనున్న ఆ గదికి ఎప్పుడైనా వెళ్లి చూడండి. వరసగా ప్రెసిడెంట్లు, సూట్లు, టైలు, భుజం మీద కండువాలు. అందరికీ నోళ్లు తెరిచే ఉంటాయి. ఒకాయనకి కింది పలువరస కూడా కనపడుతుంది. మొదటి బొమ్మ చూసినప్పుడే పెద్ద గొడవైంది. ఆ ప్రెసిడెంట్ నన్ను పక్కకి పిలిచి, "చెప్పమ్మా ఆయనకి, కొంచెం నోరు మూయించమను. ఫ్యామిలీ ఫొటోలా ఉండాలి గానీ ఇదేంటి, డెంటిస్ట్ దగ్గర కూర్చున్నట్టు," అన్నారు. నేను చెప్పాను. ఆయన బ్రష్ కింద పెట్టి, ప్రెసిడెంట్‌ని కాసేపు చూసి, నాతో ఇలా అన్నాడు: "ఈయన నోరు మూసుకుని ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. చూడనిది ఎలా వేస్తాను?"

నేను దీన్ని తెలుగులోకి మార్చి చెప్పాలి. "పెయింట్ ఆరిపోయిందంటండీ," అన్నాను.

ఆస్థాన చిత్రకారుడు అన్న బిరుదు సంగతి చెప్పాలి. ఒక ఉగాదికి స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పి, ఒక అద్దాల మెమెంటో చేతిలో పెట్టి, చాలాసేపు ఆయన గురించి మాట్లాడారు. నన్ను ఆ పూట మామిడికాయ పచ్చడి కౌంటర్లో నిలబెట్టారు, కాబట్టి ఆయనకి ఆ మాటలు చెప్పే దిక్కు లేదు. అందరూ చప్పట్లు కొట్టడం చూసి, ఎవరికో సన్మానం జరుగుతోందనుకుని ఆయన కూడా గట్టిగా చప్పట్లు కొట్టాడు. హాలంతా ఘొల్లుమంది. వదిన మాత్రం నవ్వలేదు. నేను పచ్చడి గరిటె పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆ గరిటె విసరకుండా ఎలా ఆగానో నాకే తెలీదు.

తర్వాత పార్కింగ్ లాట్‌లో మెమెంటో చూపించి ఇదేమిటని అడిగాడు. రాజు, ఇల్లు, బొమ్మలవాడు అని చేతులతో చెప్పాను. రాజెవరని అడిగాడు. ప్రెసిడెంట్‌ని చూపించాను. ఆయన తన వ్యాన్ వెనక డోర్ తెరిచి మిగిలిన పులిహోర ట్రేలు ఎక్కిస్తున్నాడు. అన్నయ్యకి నవ్వాగలేదు. కారు బానెట్ మీద చేతులానించి భుజాలు కదిలేలా నవ్వి, తర్వాత ఉన్నట్టుండి గంభీరంగా అడిగాడు: "ఆస్థానం అంటే రాజు చిత్రకారుడికి గది ఇవ్వాలి. కిటికీ ఉన్న గది. అడుగు." నేను అడిగాను కూడా. ప్రెసిడెంట్ గారు జోకనుకుని నవ్వారు.

అన్నయ్యకి అది జోకు కాదు. మర్నాడు ఇంట్లో కూర్చుని, చెవిటివాళ్లలో ఇదివరకు ఆస్థాన చిత్రకారులెవరైనా ఉన్నారా అని ఇంటర్నెట్‌లో వెతికాడు. ఒకతను దొరికాడు. ఇప్పటివాడు కాదు, మూడు నాలుగు వందల ఏళ్ల కిందటివాడు. బరోక్ కాలం అంటారట. బరోక్ అంటే ఏమిటని నేనడిగితే, "చీకటి ఎక్కువ, దీపం ఒకటే, బట్టలు చాలా ఖరీదు," అని చెప్పాడు. ఆ పాత చిత్రకారుడికి కూడా అన్నయ్య ఒక సైగ పేరు పెట్టాడు. ఎడమ చూపుడువేలు నిలబెట్టి, కుడి అరచేయి దాని చుట్టూ అడ్డం పెట్టడం. గాలికి ఆరకుండా కొవ్వొత్తిని కాపాడినట్టు. ఫోన్‌లో రాయాల్సి వస్తే మాత్రం "మా తాత" అని రాసేవాడు.

ఆ తాత కథ మా గరాజ్‌లో చాలా వారాలు నడిచింది. పుట్టు చెవిటి. చదవడం, రాయడం నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో చెవులున్నవాళ్లలో కూడా ఎంతోమందికి రాని విద్య అది. పని నేర్చుకుని, ఒక్కడే దేశాలు పట్టుకుని ఇటలీ దాకా వెళ్లి, అక్కడి పెద్దింటివాళ్లకి బొమ్మలు వేసి, చివరికి ఉత్తరాన చలిదేశంలో ఒక రాజుగారి కొలువులో కుదిరాడు. ఇంత చేసినా అతన్ని అప్పటివాళ్లు ఫలానా ఊరి మూగవాడు అని పిలిచేవారట. రాజుగారి బొమ్మ వేసినా మూగవాడే, పోప్ బొమ్మ వేసినా మూగవాడే. అన్నయ్య ఈ సంగతి చెప్పేటప్పుడు చేతులు ఎంత విసురుగా ఆడించేవాడంటే ఆకుపచ్చ రంగు వెళ్లి మావారి కారు అద్దం మీద పడింది.

"మీ తాత రాజులకి నోళ్లు మూసే ఉన్నాయిగా, మరి నువ్వెందుకు తెరుస్తావు?" అని ఒకసారి ఏడిపించాను.

"తాతకి జీతం ఇచ్చారు. తాతకి భయం. నాకు శాలువా ఇచ్చారు. నాకెందుకు భయం?"

ఆ తాత వేసినవాటిలో అన్నయ్యకి బాగా నచ్చినవి రాజుల బొమ్మలు కావు. ఒక బల్ల చుట్టూ నలుగురు కూర్చుని తింటూ తాగుతూ ఉంటారు, మధ్యలో కొవ్వొత్తి. వెలుగు సరిగ్గా చేతుల మీద, మొహాల మీద పడుతుంది, మిగతాదంతా చీకటి. అలాంటి చిన్న బొమ్మ ఒకటి ఎక్కడినుంచో అరువు తెచ్చి చికాగో డౌన్‌టౌన్‌లో ఒక మ్యూజియంవాళ్లు పెట్టారని తెలిసి నన్ను లాక్కెళ్లాడు. పెళ్లికి వెళ్లినట్టు తయారయ్యాడు. మీసానికి కొత్త రంగు.

ఆ బొమ్మ పక్కన గోడ మీద ఒక చిన్న చీటీ, దాని మీద హెడ్‌ఫోన్ గుర్తు. ఆ చెవిటి చిత్రకారుడి జీవితం గురించి తెలుసుకోవాలంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి! చదువుకోవడానికి కాగితం ఉందా అని అడిగాను. అయిపోయాయన్నారు. నాకు బీపీ పెరిగిపోయింది. అన్నయ్య మాత్రం ప్రశాంతంగా హెడ్‌ఫోన్స్ తీసుకుని, చెవులకి తగిలించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, బొమ్మ ముందు నిలబడి అప్పుడప్పుడూ తలూపుతూ మొత్తం విన్నాడు. పక్కనున్న ముసలి దంపతులు ఆయన్ని చూసి వాళ్లూ తెచ్చుకున్నారు. చివర్న తీసి ఇచ్చేస్తూ నాకు చెప్పాడు: "చాలా బాగా చెప్పారు. ఒక్కచోట మాత్రం నేను ఒప్పుకోను."

అంతలో గైడు ఒకావిడ పదిమందిని వెంటేసుకుని వచ్చింది. మంచి మనిషే, గొంతు మెత్తగా ఉంది. ఈ బొమ్మలో ఎంత నిశ్శబ్దం ఉందో చూడండి, ఈ మనుషులందరూ ఎంత ఒంటరిగా ఉన్నారో చూడండి, చిత్రకారుడి మౌనప్రపంచమే ఇది అంది. నేను అన్నయ్యకి అలాగే చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. జనాన్ని తోసుకుని బొమ్మ ముందుకి వెళ్లి చేతులు ఆడించడం మొదలుపెట్టాడు. నేను వెనకాల పరిగెత్తుతూ ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది.

"ఏం నిశ్శబ్దం? వీళ్లంతా మాట్లాడుతున్నారు! ఈ ఆడమనిషి చెయ్యి చూడు, ఇంక చాలంటోంది. వీడు ఇంకొంచెం పొయ్యమంటున్నాడు. ఆ మూల ముసలాయన వీళ్లిద్దరి గురించి పక్కవాడికి చాడీలు చెబుతున్నాడు. ఇంత గోల బొమ్మ నేను ఎక్కడా చూడలేదు. దీపం ఎందుకు పెట్టాడు? అందం కోసమా? దీపం తీసేస్తే తాతకి ఒక్క మాట కూడా తెలీదు. భోజనం బల్ల దగ్గర చీకటైతే తాత ఒక్కడే అయిపోతాడు. అందుకని పెట్టాడు!"

గైడు చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "హౌ బ్యూటిఫుల్," అని తర్వాతి గదిలోకి వెళ్లిపోయింది. అక్కడ కూడా ఏదో మౌనం గురించి చెబుతోంది.

రైల్లో ఇంటికి వస్తూ నేను అడిగాను. "ఆ కాలంవాళ్ల సైగలు నీకెలా తెలుసు? నిజంగా చాడీలే చెబుతున్నాడా?" ఆయన కిటికీలోంచి చూసి, నా వైపు తిరిగి, ఏమాత్రం సిగ్గు లేకుండా అన్నాడు: "నాకు తెలీదు. ఆమెకి మాత్రం తెలుసా?"

ఫిబ్రవరిలో గుండె ఆగి పోయాడు. చెప్పాపెట్టకుండా.

ఇక ఆ ఆదివారం సంగతి. ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టండి అని ముందే ప్రెసిడెంట్ గారికి ఫోన్ చేశాను. "దేనికమ్మా? లైవ్ స్ట్రీమింగ్ ఉంది. స్టేజి మీద ఇంకో మనిషి చేతులాడిస్తుంటే ఫ్రేమ్ డిస్టర్బ్ అవుతుంది. మేడమ్‌కి తెలియని విషయాలు మేమేం చెబుతాం? ఎమోషనల్ ప్రోగ్రామ్ ఇది," అన్నారు. సరే నేనే చెబుతానన్నాను. స్టేజి మీద కాకుండా కింద, కెమెరాకి అడ్డం రాకుండా ఉంటే అభ్యంతరం లేదన్నారు. ఈయన బొమ్మ కూడా ఆ గదిలో ఉంది. అన్నయ్య వేసిన ఆఖరి నోరు ఈయనదే.

వదినని స్టేజి మీద సోఫాలో కూర్చోబెట్టారు, దండ వేసిన ఫొటో పక్కన. నేను కింద మొదటి వరస ముందు ఆవిడకి ఎదురుగా నిలబడ్డాను. హాలు చివర అన్నయ్య స్నేహితులు ఒక బల్ల నిండా కూర్చున్నారు. అమెరికన్లు, ఇద్దరు గుజరాతీలు, ఒక మెక్సికన్ దంపతులు, అందరూ చెవిటివాళ్లే. జ్యోతి వెలిగించారు. రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. హాలంతా తలలు వంచి కళ్లు మూసుకుంది. వెనక బల్లవాళ్లకి ఎందుకో తెలీక చేతులతో ఒకరినొకరు అడుగుతుంటే, ముందు బల్లావిడ ఒకరు కన్ను తెరిచి, "మౌనంలో కూడా ఆగలేరా!" అని విసుక్కుంది.

తర్వాత లైట్లు ఆర్పేశారు.

స్లైడ్ షో కోసమట. వెనక తెర మీద అన్నయ్య ఫొటోలు, వాటికి తోడు వీణ వాయిద్యం, మైకు మీద మాత్రం ఒక గుండ్రటి వెలుగు. వక్తలు ఒకరి తర్వాత ఒకరు ఆ వెలుగులోకి వచ్చి మాట్లాడటం మొదలుపెట్టారు. నేను చేతులు ఎత్తాను. నాకే నా చేతులు కనపడలేదు. వదిన సోఫా అంచుకి జరిగి, కళ్లు చిట్లించి, నేనున్న చీకటివైపు చూస్తోంది.

సౌండూ వీడియో చూసుకునే ఆయన దగ్గరికి పరిగెత్తాను. "బాబూ, లైట్లు వెయ్యి. ఆవిడకి ఏమీ కనపడట్లేదు."

"అక్కా, లైట్లేస్తే స్క్రీన్ మొత్తం కొట్టుకపోతది అక్కా. వారం రోజులసంది ఎడిట్ చేసిన. ఇగ పది నిమిషాలే, జర ఆగున్రి."

ఆ పది నిమిషాలు చాలాసేపు సాగాయి. ఫోన్ టార్చి వేసి ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో చెప్పబోయాను. మాటలు సగం సగం అయిపోయాయి. ఎడమచేయి లేకుండా వాళ్ల భాషలో "భర్త" అనడం కూడా నాకు చేతకాలేదు. నాకు మాత్రం అన్నీ వినపడుతున్నాయి. పాపం, పుట్టుకతో శాపం. పాపం, ఆ నిశ్శబ్దంలోనే అంత కళ. మన సంఘం ఆదరించి ఉండకపోతే ఆయన ఎక్కడుండేవాడు. ఒకావిడ కన్నీళ్లు పెట్టుకుంది. ప్రెసిడెంట్ గారు మైకు దగ్గరికి వచ్చి, "ఆ మూగ గుండెకి గొంతు లేదు, మనమే ఆయన గొంతయ్యాం," అన్నారు. చప్పట్లు. ఎవరో వెంటనే పాట అందుకున్నారు.

అప్పుడు వెనక బల్ల దగ్గర ఫోన్ లైట్లు వెలిగాయి. వాళ్లు ఒకరి చేతుల మీద ఒకరు వెలుగు వేసుకుంటున్నారు. ఏమవుతోంది, ఎవరేం అంటున్నారు అని అడుక్కుంటున్నారంతే, అన్నయ్య టార్చి వేసినట్టే. కానీ వాళ్ల పక్క బల్లవాళ్లు చూశారు. నివాళిలో ఇదో భాగమనుకున్నారు. వాళ్లూ ఫోన్లు తీసి లైట్లు వెలిగించి పైకెత్తారు. ఆ పక్కవాళ్లూ ఎత్తారు. క్షణంలో హాలంతా ఫోన్లు పట్టుకుని పాటకి తగ్గట్టు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. మావారు కూడా ఎత్తారు. "బ్యూటిఫుల్, బ్యూటిఫుల్, అలాగే ఉంచండి," అని మైకులో ప్రెసిడెంట్ గారు. కెమెరా తిరిగింది. అన్ని వందల దీపాల్లో ఒక్కటి కూడా ఎవరి చేతుల మీదా పడటం లేదు. అన్నీ పైకప్పుని చూస్తున్నాయి. స్టేజి మీద వదిన ఒక్కతే, ఆ ఊగే లైట్లని చూస్తూ, తన భర్త గురించి ఏం చెప్పారో తెలీకుండా కూర్చుంది.

నేను తలుపు పక్కనున్న స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్లాను. ఏది దేనిదో చూడలేదు. అరచేత్తో అన్నిటినీ పైకి తోశాను.

హాలు భగ్గున వెలిగింది. తెర మీద అన్నయ్య వెలిసిపోయాడు. పాట పాడే ఆవిడ చరణం మధ్యలో ఆగింది. "ఏందక్కా!" అని వీడియో ఆయన, "ఎవరమ్మా అది?" అని ప్రెసిడెంట్ గారు. మావారు లేచి నా దగ్గరికి రాబోయి, నా మొహం చూసి మళ్లీ కూర్చున్నారు. స్విచ్‌ల మీదినుంచి చెయ్యి తీయకుండా అరిచాను: "లైట్లు ఆర్పకండి! ఇవి ఆర్పితే ఆవిడ నోరు మూసినట్టు. ఆయన బతికున్నంతకాలం ఇంట్లో లైటు వెయ్యకుండా ఒక్క మాట మాట్లాడలేదు. ఎన్నిసార్లు మీ ఇళ్లకొచ్చాడు? ఒక్కరికీ కనపడలేదా?"

వెనక బల్లవాళ్లు రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించారు. అవి వాళ్ల చప్పట్లు. వదిన సోఫాలోంచి లేచింది. నా వైపు చూసి, అరచేయి గడ్డం కింద పెట్టి వేళ్లు పొంగించింది. నా పేరు. అన్నయ్య పోయాక ఆ పేరుతో నన్నెవరూ పిలవలేదు. ఏడుపొచ్చేసింది. స్టేజి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. వదిన నెమ్మదిగా, నాలాంటి దానికి కూడా ఒక్క మాట పోకుండా చేతులతో చెప్పింది. నేను గొంతు విప్పి చదివినట్టు చెప్పాను.

"మా ఆయన గురించి ఇంతసేపు మాట్లాడారు. థాంక్స్. చీకట్లో నాకేమీ తెలీలేదు. ఇప్పుడు లైట్లున్నాయి. మీరు అన్న మాటలే, నా వైపు చూస్తూ, ఇంకొక్కసారి చెప్పండి. నాకు తొందర లేదు."

చెప్పి, ప్రెసిడెంట్ గారి వైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడింది. నేను నా రెండు చేతులూ ఎత్తి సిద్ధంగా ఉంచుకున్నాను.

ఆయన మైకు సర్దుకున్నారు. నోరు తెరిచారు. వదిన ఆయన మొహంలోకే చూస్తోంది. ఇందాక ఏడ్చినావిడ తల దించుకుని పర్సులో ఏదో వెతుక్కుంటోంది. అంత వెలుగులో ఆ నోరు అలాగే తెరుచుకుని ఉంది, కింది పలువరసతో సహా, అచ్చం అన్నయ్య వేసినట్టు.